వేలమందికి ఒకే కోర్సు: ఉచిత ఆన్‌లైన్ కోర్సు తయారుచేసి నడపడం ఎలా

ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెడదామని కూర్చున్న బృందం మొట్టమొదట మాట్లాడుకునేది కెమెరా గురించి. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది పేపర్లు ఎవరు దిద్దుతారన్నది. ఒక వీడియోను వందమంది చూసినా లక్షమంది చూసినా తీసిన ఖర్చు ఒకటే. ఒక వ్యాసం దిద్దడానికి ఐదు నిమిషాలు పడుతుందనుకోండి. పదివేల వ్యాసాలకు 50,000 నిమిషాలు, అంటే సుమారు 833 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా ఒక మనిషికి 104 రోజులు. మూక్స్ అని పిలిచే ఈ భారీ కోర్సుల బలం మొదటి లెక్కలో ఉంది, తలనొప్పి అంతా రెండో లెక్కలో ఉంది. కాబట్టి మనిషి చెయ్యి పడాల్సిన పనులేమిటో ముందు రాసుకుని, మిగతా కోర్సును వాటి చుట్టూ అల్లుకోవాలి.

ఎంతమంది వస్తారు, ఎంతమంది మిగులుతారు

2011 చివర్లో స్టాన్‌ఫర్డ్ నుంచి సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ మీద పెట్టిన కోర్సుకు దాదాపు 1,60,000 మంది పేర్లిచ్చారు. మరుసటి ఏడాదే ఇలాంటి కోర్సులు నడిపే యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలు పుట్టుకొచ్చాయి. అదే 2012లో ఎంఐటీ పెట్టిన సర్క్యూట్ల కోర్సులో 1,54,763 మంది చేరితే పాసైనవాళ్లు 7,157. ఐదు శాతమేనా అని పెదవి విరిచినవాళ్లున్నారు. ఏడువేలమంది ఒక్కసారిగా గట్టి ఇంజినీరింగ్ సబ్జెక్టు పాసవడం ఏ తరగతి గదిలో సాధ్యమని అడిగినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే గానీ, కోర్సు నడిపేవాళ్లకు పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది.

హార్వర్డ్, ఎంఐటీ తమ మొదటి 17 కోర్సుల వివరాలను 2014లో బయటపెట్టాయి. మొత్తం నమోదులు 8,41,687. అందులో 2,92,852 మంది కోర్సు లోపలి పేజీలు ఒక్కసారీ తెరవలేదు. 4,69,702 మంది సగం లోపే ఆగిపోయారు. 43,196 మంది సర్టిఫికెట్ తీసుకున్నారు. ఇక మిగిలిన సుమారు 36 వేలమంది సగానికి పైగా చదివి కూడా సర్టిఫికెట్ జోలికి పోలేదు. వీళ్లను ఫెయిలైనవాళ్లని ఎలా అంటాం? కావలసింది తీసుకుని వెళ్లారు.

దీన్నిబట్టి కొన్ని నిర్ణయాలు మొదట్లోనే తీసుకోవచ్చు. సబ్జెక్టులో అందరికీ అక్కరకొచ్చే భాగాన్ని మొదటి వారంలో పెట్టండి. చరిత్ర, నిర్వచనాలు, ‘ఈ కోర్సు ప్రాముఖ్యం’ లాంటివన్నీ మొదటి వారంలో కుక్కితే జనం అక్కడే రాలిపోతారు. ప్రతి వారం దానంతటదే ఒక పని నేర్పేలా ఉండాలి, నాలుగో వారానికి నేరుగా వచ్చినవాడికీ ఎంతో కొంత దక్కాలి. పదహారు వారాల సెమిస్టరు సిలబస్‌ను ఉన్నదున్నట్టు ఎక్కించకండి. నాలుగైదు వారాల చొప్పున మూడు కోర్సులుగా విడగొట్టండి. వారానికి మూడు నాలుగు గంటలు దాటితే ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు రెండో వారంలోనే వెనకబడతారు. ఒకసారి వెనకబడ్డవాళ్లు తిరిగి అందుకోవడం అరుదు.

తలుపు దగ్గరే ఒక ప్రశ్న అడగండి: పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోవాలనా, కొన్ని పాఠాలు చూద్దామనా, ఊరికే తొంగిచూద్దామనా? తర్వాత పూర్తి శాతం లెక్కగట్టేటప్పుడు మొదటి జవాబు ఇచ్చినవాళ్లను విడిగా చూడండి. హార్వర్డ్ కోర్సుల మీద జస్టిన్ రైక్ 2014లో చేసిన విశ్లేషణలో, పూర్తిచేస్తామని చెప్పి చేరినవాళ్లలో 22 శాతం సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఊరికే చూద్దామని వచ్చినవాళ్లలో 6 శాతం. మొత్తం నమోదుల మీద లెక్కేస్తే ఈ తేడా కనబడదు, నిధులిచ్చేవాళ్ల ముందు మీకు జవాబూ ఉండదు.

ఇంకో చేదు నిజం. ఈ కోర్సులు చదువుకునే వీల్లేనివాళ్ల కోసం వచ్చాయని ప్రచారం జరిగింది. వచ్చినవాళ్లలో మాత్రం అప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లే ఎక్కువ. 2013లో అమెరికాలోని సాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ యుడాసిటీతో కలిసి పునాది గణితంతో సహా కొన్ని కోర్సులు నడిపితే, వసంతకాలం బ్యాచ్‌లో పాస్ శాతం మామూలు తరగతుల కంటే బాగా తగ్గింది. ఆ ప్రయోగాన్ని జులైలో పక్కనబెట్టారు. చదువు అలవాటు తప్పినవాళ్లకు వీడియో ఒక్కటే చాలదని దానితో తేలిపోయింది. అలాంటివాళ్లు మీ కోర్సుకు వస్తారనుకుంటే మొదటిరోజే మార్కుల్లేని పది ప్రశ్నల పరీక్ష పెట్టండి. ఆరు కంటే తక్కువ వస్తే ఏ పాఠం ముందు చదవాలో అక్కడే లింకు ఇవ్వండి. ‘ముందస్తు అర్హత: ప్రాథమిక గణితం’ అని రాసి ఊరుకుంటే ఎవరికి వాళ్లు తమకు వచ్చనే అనుకుంటారు.

సమయం ఎంత పడుతుంది

2013లో క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ పత్రిక మూక్స్ నడిపిన ప్రొఫెసర్లను అడిగింది. కోర్సు మొదలవకముందే వంద గంటలకు పైగా, నడుస్తున్నప్పుడు వారానికి 8 నుంచి 10 గంటలు పట్టిందన్నారు. ఇది ఒక్క బోధకుడి సమయం. వీడియో ఎడిటింగ్, సబ్‌టైటిల్స్, క్విజ్‌లు ఎక్కించడం వేరే. మొదటిసారి చేసేవాళ్లు నాలుగు నెలలు ముందు పెట్టుకుంటే ఊపిరి తీసుకోగలుగుతారు. ప్రారంభ తేదీ నాటికి అన్ని వారాలూ సిద్ధంగా ఉండాలన్నది మా గట్టి మాట. ‘రెండు వారాలు రెడీ చేసి మొదలుపెడదాం, మిగతావి నడుస్తుండగా తీద్దాం’ అనుకున్న కోర్సుల్లో మూడో వారం పాఠం ఆలస్యమవుతుంది. ఎందుకంటే మొదటి వారం వచ్చిన ఫిర్యాదులే మీ సమయమంతా తినేస్తాయి.

వీడియోలు

ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ఎడెక్స్ కోర్సుల్లోని 69 లక్షల వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా సాధారణ వీక్షకుడు ఆరు నిమిషాలకు మించి నిలవలేదు. అందుకే ఒక వీడియోకు ఒక్కటే విషయం, ఆరు నిమిషాలు హద్దు. అయితే గంట లెక్చరును పది ముక్కలు కోస్తే పది మంచి వీడియోలు అయిపోవు. ముక్కలుగా ఉండాలని ముందే అనుకుని తీసినవాటినే జనం ఎక్కువసేపు చూశారని అదే అధ్యయనం చెప్పింది. స్లయిడ్ల మధ్య బోధకుడి ముఖం కనబడే వీడియోలు, ట్యాబ్లెట్ మీద రాస్తూ చెప్పేవి వట్టి స్లయిడ్ల కంటే బాగా నిలబెట్టాయి. నెమ్మదిగా మాట్లాడితేనే అర్థమవుతుందన్న భయం కూడా అక్కర్లేదు. కాస్త చురుగ్గా, ఉత్సాహంగా చెప్పినవే మేలనిపించుకున్నాయి. అర్థంకానివాళ్లకు వెనక్కి తిప్పే బటన్ ఉండనే ఉంది.

స్క్రిప్టు రాసుకుని, గట్టిగా చదివి గడియారం చూడండి. మనసులో చదివితే సమయం తప్పు తెలుస్తుంది. రికార్డింగుకు డబ్బు తక్కువుంటే కెమెరా మీద కాకుండా మైకు మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకైనా చూస్తారు, మాట గరగరలాడితే మూసేస్తారు. కాలరు మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. ఫ్యాను, ఏసీ ఆపండి. ఏమీ మాట్లాడకుండా 30 సెకన్లు రికార్డుచేసి హెడ్‌ఫోన్‌లో వినండి, గదిలో ఉన్న రొద అప్పుడు బయటపడుతుంది.

వీడియోలో పలకకూడని మాటలు కొన్ని ఉన్నాయి: ‘వచ్చే సోమవారం’, ‘ఈ ఏడాది’, ‘మూడో వారంలో చెప్పుకున్నట్టు’. రెండోసారి కోర్సు నడిపేటప్పుడు తేదీ మారుతుంది, వారాల వరసా మారవచ్చు. ఆ ఒక్క వాక్యం కోసం మళ్లీ అదే చొక్కా వేసుకుని, అదే వెలుతురు పెట్టుకుని కూర్చోవాలి. తేదీలు, గడువులు, పాఠం నంబర్లు అన్నీ పేజీలోనే రాయండి.

ఆరు నిమిషాల వీడియో సెకనుకు 1.5 మెగాబిట్ల చొప్పున తీస్తే సుమారు 67 ఎంబీ అవుతుంది. అదే 0.5 మెగాబిట్లకు కుదిస్తే 22 ఎంబీ. రెండూ పెట్టండి, డౌన్‌లోడ్ చేసుకోనివ్వండి, ఆడియో ఒక్కటీ విడిగా ఇవ్వండి. స్లయిడ్ మీది అక్షరాలను తయారుచేసిన పెద్ద తెర మీద కాకుండా ఫోన్‌లో, చేయి చాపినంత దూరంలో పెట్టి చదివి చూడండి. సబ్‌టైటిల్స్ యంత్రంతో రాయించుకోవచ్చు, కానీ మనిషి సరిచూడక తప్పదు. యంత్రం తడబడేది సరిగ్గా సాంకేతిక పదాల దగ్గర, అంకెల దగ్గర, ‘కాదు’ అన్న మాట మింగేసిన చోట. విద్యార్థికి ముఖ్యమైనవీ అవే.

క్విజ్ ప్రశ్న రాయడం

మూక్‌లో విద్యార్థికి దొరికే గురువు చాలావరకు క్విజ్ ప్రశ్నే. దీనిమీద పెట్టిన సమయం ఎక్కడికీ పోదు. ప్రతి వీడియో తర్వాత మార్కుల్లేని ఒకటో రెండో ప్రశ్నలు, వారం చివర మార్కులున్న పది ప్రశ్నలు పెడితే సరిపోతుంది.

తప్పు జవాబులు ఎక్కడినుంచి తేవాలన్నదే అసలు కిటుకు. ఉదాహరణకు 10, 10, 12, 13, 55. వీటి సగటు ఎంత? మొత్తం 100, ఐదుతో భాగిస్తే 20. తప్పు ఎంపికలుగా 17, 23, 31 అని నోటికొచ్చినవి రాస్తే, తప్పు పెట్టినవాడికి మీరు చెప్పగలిగింది ఏమీ ఉండదు. బదులుగా 12, 10, 25 పెట్టండి. 12 ఎంచుకున్నవాళ్లు మధ్యస్థాన్ని, అంటే వరసగా పేర్చితే నడుమ వచ్చే విలువను, సగటనుకున్నారు. 10 ఎంచుకున్నవాళ్లు ఎక్కువసార్లు వచ్చిన విలువను పట్టుకున్నారు. 25 ఎంచుకున్నవాళ్లు మొత్తం 100 అని సరిగానే కూడి, ఎన్ని అంకెలున్నాయో చూసేటప్పుడు రెండు పదుల్నీ ఒకటిగా లెక్కేసి నాలుగుతో భాగించారు. ఇప్పుడు ఒక్కో ఎంపిక కింద ఒక్కో వాక్యం రాయండి: ‘మీరు మధ్యలో ఉన్న విలువను తీసుకున్నారు. అన్నిటినీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించండి.’ ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అన్న దానికీ దీనికీ ఎంత తేడానో చూడండి. ఒకసారి రాసిన ఈ వాక్యం వేలసార్లు పాఠం చెబుతుంది. పెద్ద కోర్సులో మాత్రమే దక్కే లాభం ఇది.

అంకె టైపు చేయాల్సిన ప్రశ్నల్లో గొడవలు వేరు. 1/3, 0.33, 0.333 మూడూ ఒప్పుకుంటున్నారా? దశాంశానికి చుక్క బదులు కామా పెట్టే దేశాలున్నాయి. అంకె తర్వాత ఖాళీ వదిలేవాళ్లు, యూనిట్ కూడా రాసేవాళ్లు ఉంటారు. జవాబుకు ఒక శాతం అటూఇటూ వెసులుబాటు ఇవ్వండి, ‘రెండు దశాంశ స్థానాలకు, యూనిట్ లేకుండా’ అని ప్రశ్నలోనే రాయండి. నలభైమంది తరగతిలో జవాబుల కీ తప్పుంటే ఒకరు చెయ్యెత్తుతారు, సరిదిద్దుతారు. ఇక్కడ గంటలో మూడువందల పోస్టులు పడతాయి. అందుకే కోర్సు తెరవకముందు ఎనిమిది పదిమంది చేత అన్ని క్విజ్‌లూ చేయించండి. వాళ్లలో సగంమంది ఆ సబ్జెక్టు రానివాళ్లయి ఉండాలి. వచ్చినవాళ్లు ప్రశ్నలో లేనిదాన్ని కూడా ఊహించుకుని సరైన జవాబు పెట్టేస్తారు, లోపం మీకు తెలియదు.

కాపీ సంగతి. రెండు ఖాతాలు తెరిచి, ఒకదానిలో తప్పులు పెట్టి సరైన జవాబులు రాబట్టి, రెండోదానిలో దించేసేవాళ్లుంటారు. నార్త్‌కట్, హో, చువాంగ్ 2015లో ఈ పద్ధతిని డేటాలోనే పట్టుకున్నారు. ముప్పై ప్రశ్నల బ్యాంకు నుంచి ఒక్కొక్కరికి పది వచ్చేలా పెట్టడం, సరైన జవాబులు గడువు ముగిశాకే చూపించడం దీనికి మందు. రెండోదానివల్ల నిజాయతీగా చదివేవాడికి నష్టమే, వెంటనే తెలుసుకునే అవకాశం పోతుంది. మార్కుల్లేని క్విజ్‌లో జవాబులు వెంటనే, మార్కులున్నదాంట్లో ఆలస్యంగా అన్నది మధ్యేమార్గం. చాట్‌బాట్లు వచ్చాక ఇంట్లో కూర్చుని రాసే ఏ క్విజ్ కూడా సామర్థ్యానికి గట్టి రుజువు కాదు. సర్టిఫికెట్‌కు ఉద్యోగంలో విలువ కావాలంటే పర్యవేక్షణలో ఒక పరీక్ష పెట్టక తప్పదు, దానికి ఖర్చవుతుంది. నేర్చుకోవడమే లక్ష్యమైతే దొంగల వెంట పరిగెత్తి సమయం పోగొట్టుకోకండి.

ఒకరి పేపరు ఒకరు దిద్దడం

వ్యాసం, డిజైన్, ప్రాజెక్టు లాంటివి యంత్రం దిద్దలేదనుకుంటే మిగిలిన దారి విద్యార్థుల చేతే దిద్దించడం. ఒక్కొక్కరూ ముగ్గురు నుంచి ఐదుగురివి దిద్దాలి, తనది సమర్పించినవారికే ఇతరులవి కనబడాలి. వచ్చిన మార్కుల్లో సగటు కాకుండా మధ్యస్థం తీసుకోండి. కోపంతో సున్నా వేసిన ఒక్కడివల్ల సగటు కూలిపోతుంది, మధ్యస్థం నిలబడుతుంది.

మార్కుల కొలబద్ద ఎంత చిన్నదైతే అంత మంచిది. నాలుగు అంశాలు, ఒక్కోదానికి 0, 1, 2. ‘విశ్లేషణ బాగుందా?’ అని అడిగితే ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. ‘వాదనకు కనీసం రెండు ఆధారాలు చూపితే 2, ఒకటి చూపితే 1, అసలు చూపకపోతే 0’ అని రాస్తే పదిమంది దాదాపు ఒకే మార్కు వేస్తారు. నిజమైన దిద్దుబాటుకు ముందు, మీరు మార్కులు వేసి పెట్టుకున్న ఒక నమూనా పేపరు అందరి చేతా దిద్దించండి. తేడా ఎక్కడొచ్చిందో చూపించండి. సమర్పణ గడువు తర్వాత దిద్దడానికి పూర్తిగా ఒక వారం ఇవ్వండి.

ఎంత చేసినా కొన్ని పేపర్లు దిక్కులేకుండా మిగులుతాయి. చివరి నిమిషంలో ఇచ్చినవాటిని దిద్దేవాళ్లుండరు. ‘గుడ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టినవీ ఉంటాయి, ఇప్పుడు చాట్‌బాట్ రాసిన పొగడ్తలూ వస్తున్నాయి. మూడు కంటే తక్కువ దిద్దుబాట్లు వచ్చిన పేపర్ల జాబితా రోజూ తీసి, సహాయకులతో దిద్దించండి. ఈ పనికి ముందే గంటలు కేటాయించకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఫోరం, ఈమెయిల్, జట్లు

‘మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి’ అని ఒకే చర్చ తెరిస్తే మొదటిరోజే వేలపోస్టులు పడతాయి. ఎవరూ చదవరు, పైగా నిజమైన ప్రశ్నలు అడుగున పడతాయి. వారానికొక విభాగం, వీడియోకొక చర్చ పెట్టండి. ‘సందేహం’ అన్న శీర్షికలు వద్దని, పాఠం పేరు, ప్రశ్న నంబరు శీర్షికలోనే రాయాలని చెప్పండి. పైన ఎప్పుడూ కనబడేలా ‘తెలిసిన తప్పులు’ అని ఒక పోస్టు ఉంచి, దొరికిన ప్రతి పొరపాటూ తేదీతో రాయండి. సగం ఫిర్యాదులు అక్కడే ఆగుతాయి. బోధకుడు రోజంతా ఫోరంలో ఉండనక్కర్లేదు. రోజుకు రెండుసార్లు అరగంట, ఒకే వేళకు వస్తే చాలు. గత బ్యాచ్‌లో బాగా జవాబులిచ్చినవాళ్లను సహాయకులుగా పిలవండి. మొదటి బ్యాచ్‌కు ఆ వీలుండదు కాబట్టి చిన్నగా, రెండు మూడు వేలమందితోనే మొదలుపెట్టడం తెలివైన పని.

వారానికొక ఈమెయిల్, అందులో మూడే సంగతులు: ఈ వారం ఏముంది, ఏ గడువు ఎప్పుడు, గతవారం ఎక్కువమంది తడబడ్డది ఎక్కడ. పంపేముందు లింకులన్నీ విద్యార్థి ఖాతాతో నొక్కి చూడండి. మీ ఖాతాకు అన్నీ తెరుచుకుంటాయి.

జట్టు పనులు మొదటిసారి పెట్టకండి. 2013 మొదట్లో కోర్సెరాలో సుమారు 41,000 మంది చేరిన ఒక కోర్సు, జట్లలో పేర్లు రాసుకోమని అందరికీ ఒకే గూగుల్ స్ప్రెడ్‌షీట్ ఇచ్చింది. అంతమంది ఒక్కసారిగా దానిమీద పడేసరికి అది పనిచేయలేదు. చివరికి కోర్సునే నిలిపేశారు. ఆన్‌లైన్ పాఠాలు ఎలా రూపొందించాలో నేర్పే కోర్సు అది! జట్లు తప్పనిసరైతే సాఫ్ట్‌వేరే విడగొట్టాలి. సగంమంది మాయమవుతారు కాబట్టి ముగ్గురు కావాలంటే ఆరుగురితో వెయ్యాలి, జట్ల పనిని రెండో వారం తర్వాతే మొదలుపెట్టాలి.

వేదిక, హక్కులు

సొంత సర్వర్ మీద నడపాలంటే మూడిల్, ఓపెన్ ఎడెక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. మూడిల్ తేలిక. ఓపెన్ ఎడెక్స్‌లో సౌకర్యాలెక్కువ, కానీ సర్వర్ చూసుకునే మనిషి ఒకరు నిత్యం ఉండాలి. పెద్ద వేదికల మీద పెడితే జనం దొరుకుతారు, అయితే నియమాలు వాళ్లవి. ఏది ఉచితం, దేనికి డబ్బు కట్టాలి అన్నది మధ్యలో మారిపోవచ్చు. కోర్సెరా తన పాత వేదికను 2016 జూన్ 30న మూసేసినప్పుడు దానిమీద ఉన్న ఎన్నో కోర్సులు అందకుండా పోయాయి. వీడియోల అసలు ఫైళ్లు, స్క్రిప్టులు, సబ్‌టైటిల్ ఫైళ్లు, ప్రశ్నల బ్యాంకు అన్నీ మీ దగ్గర ఒక కాపీ, ఇంకోచోట ఒక కాపీ ఉండాలి. ఒప్పందంలో చూడాల్సినవి మూడు: పాఠం హక్కులు ఎవరివి, మీరు తీసేయమంటే తీసేస్తారా, విద్యార్థుల డేటా ఎవరి చేతిలో ఉంటుంది.

తరగతి గదిలో పుస్తకంలోని బొమ్మ చూపించడానికి కొన్ని మినహాయింపులుంటాయి. లోకమంతా చూసే కోర్సుకు అవి వర్తిస్తాయనుకోకండి. బొమ్మలు మీరే గీయించుకోండి, లేదా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) ఉన్నవి వాడి, గీసినవారి పేరు రాయండి. మీ పాఠాలకూ ఏదో ఒక లైసెన్సు మొదటిరోజే ప్రకటించండి. ఉచితంగా చూడనివ్వడం వేరు, అనువదించి వాడుకోనివ్వడం వేరు. చెప్పకపోతే రెండోది కుదరదనే అర్థం.

బ్యాచ్ ముగిశాక

పదిరోజుల్లోపు, జ్ఞాపకం తాజాగా ఉండగానే డేటా తీయండి. 30 శాతం కంటే తక్కువమంది సరిగా చేసిన ప్రశ్నలను విడదీసి, మొదట కీ సరిచూడండి, తర్వాత ప్రశ్నలోని భాష, ఆ తర్వాతే పాఠం. వీడియోల్లో జనం వెనక్కి తిప్పిన చోటు, వదిలి వెళ్లిన చోటు రెండూ గుర్తుపెట్టండి. వెనక్కి తిప్పిన చోట చాలాసార్లు స్లయిడ్ మరీ త్వరగా మారిపోయి ఉంటుంది. అలాంటిదానికి వీడియో మళ్లీ తీయనక్కర్లేదు, ఆ స్లయిడ్‌ను కింద బొమ్మగా పెడితే చాలు.

ఎప్పుడైనా మొదలుపెట్టుకునే పద్ధతిలో వదిలేస్తే నడిపేవాళ్లకు హాయి, కానీ ఫోరంలో తోడు దొరకదు, గడువు లేక చదువు వాయిదా పడుతుంది. ఏడాదికి రెండుసార్లు తేదీలతో బ్యాచ్ నడిపి, మధ్యకాలంలో పాఠాలను మార్కుల్లేకుండా తెరిచి ఉంచండి. రెండో బ్యాచ్‌కు సమయం మొదటిదానిలో మూడోవంతే పట్టాలి. అంతకంటే ఎక్కువ పడుతోందంటే వీడియోల్లో తేదీలు దూరి ఉంటాయి, లేదా దిద్దే పని ఇంకా మీ బల్లమీదే ఉంది.